పేదరికంపై అపోహలు - వాస్తవాలు: లెక్కలు కట్టేవారి వైపు నుంచి

కుటుంబాల వినియోగ సర్వేలలో పనిచేసే మాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న పేదరికానికి కారణమేమిటన్నది. అడిగేవారి దగ్గర చాలాసార్లు సమాధానం కూడా సిద్ధంగానే ఉంటుంది. అలా వినవచ్చే మాటల్లో కొన్నింటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: పేదలు కష్టపడి పనిచేయరు.

వాస్తవం: ప్రపంచంలో పనిచేస్తున్నవారిలో సగానికి పైగా, అంటే సుమారు 200 కోట్ల మంది, అసంఘటిత ఉపాధిలోనే, అంటే చట్టపరమైన రక్షణ, సామాజిక భద్రత లేని పనుల్లోనే, ఉన్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా. ఊరకే కూర్చునే స్తోమత పేదవారికి ఉండదు. సాగునీరు, విద్యుత్తు, రహదారి, తక్కువ వడ్డీకి దొరికే అప్పు లేనిచోట ఎంత శ్రమించినా ఫలితం తక్కువగానే ఉంటుంది. అప్పు తీర్చడానికి కోత కాగానే ధాన్యాన్ని చవకగా అమ్ముకొని, కొన్ని నెలల తరువాత అదే ధాన్యాన్ని ఎక్కువ ధరకు కొనుక్కొనే రైతుకు ఏడాదంతా పనిచేసినా మిగిలేది స్వల్పమే.

అపోహ: దారిద్ర్య రేఖలోని డాలర్లు మారకపు రేటు ప్రకారం లెక్కించినవి.

వాస్తవం: అవి కొనుగోలు శక్తి ప్రకారం, అంటే ఆయా దేశాలలో ఆ డబ్బుకు ఎంత సరుకు వస్తుందో చూసి, సర్దుబాటు చేసినవి. ప్రపంచ బ్యాంకు 2025 జూన్‌లో అత్యంత పేదరికాన్ని గుర్తించే రేఖను, ఒక మనిషికి రోజుకు, 2.15 డాలర్ల నుంచి 3 డాలర్లకు మార్చినప్పుడు అత్యంత పేదల అంచనా 12 కోట్లకు పైగా పెరిగింది. ఆ నెలలో అంతమంది కొత్తగా పేదలైపోలేదు, కొలబద్ద మారింది. వార్తలకు శీర్షికలు పెట్టేవారు ఈ సంగతి గమనిస్తే మా పని కొంత తేలికవుతుంది.

అపోహ: ఆకలి చావులకు కారణం ఆహారపు కొరతే.

వాస్తవం: 1943 నాటి బెంగాల్ కరువులో లక్షలాది మంది మరణించారు. అయినా, కరువు లేని 1941లో కంటే ఆ ఏడాది అక్కడ ఆహార లభ్యత ఎక్కువగానే ఉన్నదని ఆర్థికవేత్త అమర్త్య సేన్ 1981లో వాదించారు. యుద్ధకాలంలో బియ్యం ధర విపరీతంగా పెరిగి, కూలి రేట్లు ఆ వెంట పెరగకపోవడంతో, వ్యవసాయ కూలీలు, మత్స్యకారులు ముందుగా బలయ్యారు. ఆయన లెక్కలతో విభేదించినవారు లేకపోలేదు గాని, అంగట్లో తిండి ఉండటానికీ, దానిని కొనగలగడానికీ మధ్య ఉన్న తేడాను ఆ తరువాత ఎవరూ విస్మరించలేకపోయారు.

అపోహ: పేదలు ఎప్పుడూ అవే కుటుంబాలవారు.

వాస్తవం: ఒకే కుటుంబాన్ని కొన్నేళ్ల పాటు మళ్ళీ మళ్ళీ కలిసే సర్వేలలో రాకపోకలు స్పష్టంగా కనిపిస్తాయి. కొందరు రేఖ దాటి పైకి వస్తుంటే, అదే సమయంలో మరికొందరు కిందికి జారుతుంటారు. జారడానికి సాధారణంగా జబ్బు, సంపాదించే మనిషి మరణం, వర్షాభావం వంటివి కారణాలవుతాయి. జబ్బు చేసినప్పుడు ఆసుపత్రి ఖర్చుకు పశువును అమ్ముతారు, పశువుతో పాటు దాని మీది రాబడి పోతుంది, తరువాత అప్పు చేస్తారు, అప్పు మీది వడ్డీ పెరిగాక పిల్లను బడి మాన్పిస్తారు. ఈ వరుసలో ఎక్కడ కారణం ముగిసి ఎక్కడ ఫలితం మొదలవుతుందో గీత గీసి చెప్పడం నాకు ఎన్నడూ సాధ్యం కాలేదు. పిల్లల పోషణలో ఇది మరింత కఠినంగా కనిపిస్తుంది. వయసుకు తగిన ఎత్తు పెరగని పిల్లలు ప్రపంచవ్యాప్తంగా, అయిదేళ్ల లోపువారిలోనే, సుమారు 15 కోట్ల మంది ఉన్నారు. తొలి రెండేళ్లలో పడిన ఆ లోటును తరువాత పూర్తిగా పూడ్చడం కష్టం, దాని ప్రభావం చదువు మీద, పెద్దయ్యాక వచ్చే సంపాదన మీద కూడా పడుతుంది.

అపోహ: నగదు ఇస్తే తాగుడుకే పోతుంది.

వాస్తవం: వివిధ దేశాలలో జరిగిన 19 అధ్యయనాలను 2014లో ప్రపంచ బ్యాంకు పరిశోధకులు సమీక్షించినప్పుడు, నగదు సాయం వల్ల మద్యం, పొగాకు మీద ఖర్చు చెప్పుకోదగినంతగా పెరిగిన ఆధారం దొరకలేదు. నగదు అందిన ఇళ్లలో తిండి ఖర్చు, పిల్లల బడి హాజరు పెరగడం చాలా దేశాలలో నమోదయింది. కొన్ని చోట్ల అమ్ముకున్న పశువు స్థానంలో మరొకటి కొట్టంలోకి వచ్చింది.