అమెరికాలో టిప్పు జీతంగా ఎలా మారింది? 2.13 డాలర్ల వెనక కథ

డల్లాస్‌కో అట్లాంటాకో చదువుకోడానికి వెళ్ళిన మన పిల్లలకి మొదట్లో మింగుడుపడని వాటిల్లో ఈ టిప్పు గొడవ ఒకటి. తిన్నదానికి బిల్లు కట్టాం, ట్యాక్స్ కట్టాం, మళ్ళీ పైన 18 శాతమో 20 శాతమో ఎందుకివ్వాలి, సర్వర్‌కి జీతమివ్వాల్సింది ఓనరు కదా అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఇక్కడ మనం సోంపు ప్లేట్లో పదో ఇరవయ్యో వదిలేసి లేస్తాం, వదలకపోయినా అడిగేవాడుండడు. అక్కడ మాత్రం టిప్పు జీతంలో భాగమని చట్టంలోనే రాసుంది, టెక్సాస్, జార్జియా లాంటి రాష్ట్రాల్లో టిప్పులొచ్చే పనివాళ్ళకి ఓనరు తన జేబులోంచి గంటకి 2.13 డాలర్లు ఇస్తే చాలు.

అసలు ఈ అలవాటు అమెరికాలో పుట్టింది కాదు. ఇంగ్లాండులో జమీందార్ల ఇళ్ళకి వచ్చిన చుట్టాలు వెళ్ళేటప్పుడు నౌకర్ల చేతిలో డబ్బులు పెట్టేవాళ్ళు, అదే తర్వాత హోటళ్ళకి పాకింది. యూరప్ చూసొచ్చిన అమెరికన్ డబ్బున్నోళ్ళు 19వ శతాబ్దంలో దాన్ని వెంటేసుకొచ్చారు. విచిత్రం ఏంటంటే మొదట్లో అమెరికాలో చాలామందికి ఇది అస్సలు నచ్చలేదు, ఒకడు చెయ్యి చాపడం ఇంకొకడు విసరడం ఇదంతా రాజుల కాలం బుద్ధి, మన ప్రజాస్వామ్యంలో ఇదేంటని గట్టిగానే తిట్టారు. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పుల్ని నిషేధిస్తూ చట్టమే చేసింది, తర్వాత మిసిసిపి, అయోవా, సౌత్ కరోలినా లాంటివి కూడా చేశాయి. ఒక్కటీ నిలబడలేదు, 1926 కల్లా అన్నీ పోయాయి.

ఎందుకు నిలబడలేదంటే టిప్పు వల్ల బాగా లాభపడింది ఓనర్లే. 1865లో బానిసత్వం రద్దయ్యాక లక్షల మంది నల్లజాతివాళ్ళు పనుల కోసం వచ్చారు, హోటళ్ళు, రైళ్ళు వాళ్ళని పెట్టుకుని జీతం నామమాత్రంగా ఇచ్చి మిగతాది ప్రయాణికుల దగ్గర సంపాదించుకోమన్నాయి. దీనికి పెద్ద ఉదాహరణ పుల్‌మన్ కంపెనీ. రైళ్ళలో పడక బోగీలు నడిపేది, పోర్టర్లుగా నల్లజాతి మగవాళ్ళనే తీసుకునేది. పక్కలు వెయ్యాలి, బూట్లు పాలిష్ చెయ్యాలి, రాత్రి ఎవరు పిలిచినా లేవాలి, నెలకి 400 గంటలు పని. ప్రయాణికులేమో వాళ్ళ పేర్లు కూడా అడక్కుండా అందర్నీ కంపెనీ యజమాని జార్జ్ పుల్‌మన్ పేరుతో ‘జార్జ్’ అనే పిలిచేవాళ్ళు, బానిసల్ని యజమాని పేరుతో పిలిచినట్టే. నవ్వుతూ ఉంటేనే టిప్పు, టిప్పు వస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో 1925లో యూనియన్ పెట్టుకుని పన్నెండేళ్ళు కొట్లాడితే 1937లో ఒప్పందం కుదిరింది, పని గంటలు 240కి తగ్గాయి, జీతాలు పెరిగాయి.

మరుసటి ఏడాదే, 1938లో, దేశం మొత్తానికీ కనీస వేతన చట్టం వచ్చింది, కానీ హోటల్, రెస్టారెంట్ పనివాళ్ళని అందులో కలపలేదు. 1966లో కలిపారు, అయితే ఓ మెలిక పెట్టారు, కనీస వేతనంలో సగం వరకు టిప్పుల లెక్కలో చూపించుకోవచ్చని ఓనర్లకి వెసులుబాటిచ్చారు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే, అప్పటిదాకా అలవాటుగా ఉన్నది ఇక్కడ చట్టమై కూర్చుంది. 1991లో కనీస వేతనం 4.25 డాలర్లు, అందులో సగం 2.13. 1996లో ఆ సగం లింకు కూడా తెంపేశారు, మామూలు కనీస వేతనం పెరుగుతూ 2009లో 7.25కి చేరింది, ఇది మాత్రం 2.13 దగ్గరే ఆగిపోయింది. టిప్పులు కలిపినా 7.25 రాకపోతే మిగతాది ఓనరే ఇవ్వాలని రూలుంది, కాకపోతే ఆ లెక్క అడిగి ఉద్యోగం పోగొట్టుకునే ధైర్యం ఎందరికుంటుంది?

అలాగని దేశమంతా ఒకేలా లేదు, కాలిఫోర్నియా, వాషింగ్టన్, మిన్నెసోటా లాంటి ఏడు రాష్ట్రాల్లో సర్వర్‌కైనా పూర్తి కనీస వేతనం ఇవ్వాల్సిందే, టిప్పు దానికి అదనం. ఫ్రాన్స్‌లో సర్వీసు డబ్బులు మెనూ ధరలోనే కలిపేస్తారు, జపాన్‌లో టేబుల్ మీద డబ్బులు వదిలేస్తే మర్చిపోయారనుకుని వెనకాలే పరిగెత్తుకొస్తారు. మన దగ్గర 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు రెస్టారెంట్లు సర్వీస్ చార్జి బలవంతంగా వసూలు చెయ్యకూడదంది.

మరి అమెరికాలో మార్చొచ్చుగా అంటే, న్యూయార్క్‌లో డానీ మేయర్ అనే పేరున్న రెస్టారెంట్ల యజమాని 2015లో టిప్పు తీసేసి ధరలు పెంచి చూశాడు, 2020లో మళ్ళీ టిప్పులకే వచ్చేశాడు. ఖరీదైన చోట్ల సర్వర్లకి టిప్పుల్లోనే ఎక్కువ వస్తుంది కాబట్టి వాళ్ళలోనూ చాలామంది మార్పు వద్దంటారు, చిన్న ఊళ్ళో టిఫిన్లు వడ్డించే ఆవిడ పరిస్థితి వేరు. 2025లో వచ్చిన కొత్త చట్టంతో ఏడాదికి 25,000 డాలర్ల దాకా టిప్పుల మీద ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ మినహాయింపు ఇచ్చారు, 2.13ని మాత్రం ముట్టుకోలేదు.