ఒకే పట్టా, రెండు పుట్టుకలు: విద్యాశాస్త్ర డిగ్రీ బడి గడప దాటిన కథ

విద్యాశాస్త్రంలో డిగ్రీ చేసినవాళ్లకు ఎదురయ్యే మొదటి ప్రశ్న "ఏ బడిలో?" అన్నదే. ఇంజనీరింగ్ చదివినవాణ్ని "ఏ వంతెన కడుతున్నావు?" అని ఎవరూ అడగరు. ఈ తేడాకు కారణముంది. ఈ పట్టాను మొదట రూపొందించినవాళ్లు తరగతి గది తప్ప మరో చోటును ఊహించలేదు. బతకలేక బడిపంతులు అన్న పాత మాట ఇప్పుడు తలకిందులై, "బడిపంతులు ఉద్యోగం రాకపోతే ఎలా బతకాలి?" అన్న బెంగగా మారింది. ఆ బెంగలో పావువంతు నిజం, ముప్పావువంతు ఈ డిగ్రీ చరిత్ర తెలియకపోవడం.

చదువు చెప్పడానికి చదువు వస్తే చాలదా? చాలా కాలం లోకం చాలుననే అనుకుంది. ఉపాధ్యాయులకు విడిగా శిక్షణ అవసరమని 1685లో ఫ్రాన్స్‌లోని రీమ్స్ నగరంలో ఒక మతగురువు, జాన్ బాప్టిస్ట్ ద లా సాల్, చిన్న శిక్షణాలయం తెరిచాడు. నూరేళ్లు దాటాక విప్లవ ప్రభుత్వం అదే పనిని భారీగా తలపెట్టింది. 1795 జనవరిలో పారిస్‌లో 'ఎకోల్ నార్మాల్' మొదలైంది. సుమారు 1,400 మంది విద్యార్థులు, వారికి పాఠాలు చెప్పడానికి లగ్రాంజ్, లాప్లాస్ అంతటి గణితవేత్తలు. నాలుగు నెలలు తిరగకుండానే అది మూతపడింది. ఆ మహామహుల ఉపన్యాసాలు విన్నవారికి గణితం ఎంత ఒంటబట్టిందో గానీ, చిన్నపిల్లలకు కూడికలు ఎలా నేర్పాలన్నది మాత్రం వాటిలో పెద్దగా లేదు. పేరు మాత్రం నిలిచింది. ప్రమాణం నెలకొల్పే బడి అన్న అర్థంలో 'నార్మల్ స్కూల్' అనే మాట దేశదేశాలకూ పాకింది.

అమెరికాలో ప్రభుత్వ నిధులతో తొలి నార్మల్ స్కూలు 1839 జులై 3న మసాచుసెట్స్ రాష్ట్రంలోని లెక్సింగ్టన్‌లో తెరిచారు. మొదటి రోజు ప్రవేశ పరీక్షకు వచ్చింది ముగ్గురే అమ్మాయిలు. ప్రిన్సిపాల్ సైరస్ పియర్స్ నిరాశపడ్డా పని ఆపలేదు. బడికి అనుబంధంగా పిల్లల కోసం ఒక నమూనా బడి పెట్టాడు. శిక్షణ పొందేవారు అక్కడికి వెళ్లి పాఠం చెప్పాలి, ఆయన చూసి తప్పొప్పులు చెప్పాలి. నేటికీ ప్రతి బి.ఎడ్. విద్యార్థి చేతిలో పాఠ పథకం పట్టుకుని, వెనక బల్ల మీద కూర్చున్న పరిశీలకుణ్ని చూసి గొంతు తడారిపోయి నిలబడే ఆ పద్ధతికి పూర్వరూపం ఇదే. ఇలా పుట్టింది ఒక రకం అర్హత: ఈ మనిషిని తరగతి గదిలోకి పంపవచ్చు అని చెప్పే ఒక లైసెన్సు.

రెండో పుట్టుక విశ్వవిద్యాలయాల్లో జరిగింది. జర్మనీలోని హాలె విశ్వవిద్యాలయం 1779లోనే ఎర్నెస్ట్ క్రిస్టియన్ ట్రాప్‌ను బోధనశాస్త్ర ఆచార్యుడిగా నియమించింది. కొన్నేళ్లకే ఆయన ఆ పదవి వదిలేశాడు. దాదాపు వందేళ్ల తర్వాత, 1876లో ఎడిన్‌బరో, సెంట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయాల్లో, 1879లో మిషిగన్‌లో విద్యాశాస్త్రానికి ఆచార్య పీఠాలు వచ్చాయి. వీళ్లు అడిగిన ప్రశ్న వేరు. పాఠం ఎలా చెప్పాలన్నదొక్కటే కాదు, మనిషి ఎలా నేర్చుకుంటాడు, నేర్చుకున్నాడని ఎలా తెలుస్తుంది అన్నది వారి ప్రశ్న. ఇరవయ్యో శతాబ్దంలో చాలా నార్మల్ స్కూళ్లు కళాశాలలుగా, ఆపైన విశ్వవిద్యాలయాలుగా మారాయి. ఆ లైసెన్సు, ఈ శాస్త్రం ఒకే పట్టాలో కలిసిపోయాయి. నా దృష్టిలో ఈనాటి గందరగోళమంతా ఈ కలయిక దగ్గరే ఉంది. లైసెన్సు బడిలోనే చెల్లుతుంది. శాస్త్రానికి ఆ హద్దు లేదు. బడి బయట ఈ డిగ్రీకి దొరికిన ప్రతి పనీ రెండో పాయలోంచి వచ్చిందే.

కౌన్సెలింగ్‌నే చూడండి. 1908లో బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ యువకులకు ఏ వృత్తి నప్పుతుందో చెప్పే కేంద్రం మొదలుపెట్టి, ఆ ఏడాదే చనిపోయాడు. ఆ ఆలోచన మెల్లగా బడుల్లోకి పాకింది. 1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ అనే తొలి కృత్రిమ ఉపగ్రహాన్ని అంతరిక్షంలోకి పంపడంతో అమెరికా ఉలిక్కిపడి, మరుసటి ఏడాది జాతీయ రక్షణ విద్యా చట్టం తెచ్చింది. ప్రతిభగల విద్యార్థులను గుర్తించడానికి కౌన్సెలర్లు కావాలని, వారి శిక్షణకు ఆ చట్టం డబ్బు కేటాయించింది. ఉపగ్రహానికీ కౌన్సెలర్ కుర్చీకీ ముడిపడటం చరిత్రలోని వింతల్లో ఒకటి.

పరీక్షల తయారీ కూడా అలాగే విడి వృత్తి అయింది. ప్రశ్నపత్రం రాయడం ఒక పని, ఆ ప్రశ్న నిజంగా ఏమి కొలుస్తోందో లెక్కగట్టడం మరో పని. గణాంకశాస్త్రం అంటే భయం లేనివారికి ఇందులో ఎప్పుడూ చోటుంది.

పెద్ద మలుపు తెచ్చింది రెండో ప్రపంచ యుద్ధం. బడి ముఖం సరిగా చూడనివారితో సహా సైన్యంలో చేరిన లక్షలాది మందికి, నెలల వ్యవధిలో, ప్రాణాలు ఆధారపడ్డ పనులు నేర్పాలి. నేర్పేవాడి మాటకారితనం మీద ఆధారపడితే కుదరదు. పనిని ముక్కలు చేయాలి, ఏ ముక్క ముందో తేల్చాలి, ప్రతి ముక్కా వచ్చిందో లేదో చూడాలి. అప్పుడు అమెరికా సైన్యపు వైమానిక దళంలో మనస్తత్వవేత్తగా పనిచేసిన రాబర్ట్ గాన్యే ఆ తర్వాత దీన్నొక సిద్ధాంతంగా 1965లో పుస్తక రూపంలో పెట్టాడు. నేటి కంపెనీల శిక్షణ విభాగాలు, ఆన్‌లైన్ పాఠాల సంస్థలు ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్ (ఏది, ఏ వరసలో, ఎలా నేర్పాలో రూపొందించేవారు) అని పిలిచే ఉద్యోగానికి వేర్లు ఇక్కడే ఉన్నాయి.

ఈ కథలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం టెలివిజన్‌ది. 1966లో న్యూయార్క్‌లో ఒక విందులో ఒక తండ్రి తన మూడేళ్ల కూతురి గురించి చెప్పాడు. పొద్దున్నే లేచి, కార్యక్రమాలు మొదలవకముందు టీవీలో కనిపించే ఖాళీ గీతల బొమ్మను కళ్లార్పకుండా చూస్తోందట. ఆ మాట విన్నవారిలో ఆతిథ్యమిచ్చిన జోన్ గాంజ్ కూనీ ఒకరు. ఆమె 1951లో అరిజోనా విశ్వవిద్యాలయంలో విద్యాశాస్త్రంలోనే పట్టా తీసుకుని, ఆపైన పత్రికలో విలేకరిగా చేసి, టీవీ వైపు వచ్చిన మనిషి. ఆ సంభాషణ నుంచే 'సెసమీ స్ట్రీట్' అనే పిల్లల టీవీ కార్యక్రమం పుట్టి, 1969 నవంబరు 10న ప్రసారం మొదలైంది. దాని పరిశోధన విభాగం చేసిన పని చూడండి. పిల్లవాణ్ని టీవీ ముందు కూర్చోబెట్టి, పక్కనే ఇంకో తెర మీద ఏడున్నర సెకన్లకొకసారి మారే రంగుల బొమ్మలు పెట్టేవారు. వాడి చూపు టీవీ మీంచి పక్కకు ఎప్పుడు మళ్లిందో ఒకరు కూర్చుని నమోదు చేసేవారు. చూపు తప్పిన సన్నివేశాన్ని మళ్లీ దిద్దేవారు. వెనక బల్ల మీది పరిశీలకుడే ఇక్కడ టీవీ గదిలోకి మారాడు. చూసేది మాత్రం టీచరును కాదు, పిల్లవాణ్ని.

మ్యూజియం విద్యావిభాగాలు, పాఠ్యపుస్తకాల ప్రచురణ, వయోజన విద్య, స్వచ్ఛంద సంస్థల కార్యక్రమాల మూల్యాంకనం, విద్యా విధాన పరిశోధన, ఒక్కొక్కటీ ఒక్కో కాలంలో ఇలాగే తెరుచుకున్న తలుపులు. ఇవన్నీ ఈ పట్టా చూపించగానే వాటంతటవే తెరుచుకోవు. చాలా దేశాల్లో కౌన్సెలర్‌కు విడిగా శిక్షణ, నమోదు ఉండాలి. పరీక్షల సంస్థ గణాంకాలు అడుగుతుంది. ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్‌లో సర్టిఫికెట్ కన్నా, మీరు తయారు చేసిన పాఠం చూపించమంటారు. ఉద్యోగ ప్రకటనల భాష కూడా అడ్డే. "అభ్యాస లక్ష్యాలు నిర్వచించగలగాలి, ఫలితాలను మదింపు చేయగలగాలి" అని ఉంటే, ఐదేళ్లు పాఠ పథకాలు రాసిన టీచరు అది ఇంకెవరికో అనుకుని పేజీ తిప్పేస్తారు. నిజానికి ఆ ప్రకటన అడిగేది వారికి రోజూ తెలిసిన పనే: పాఠ పథకంలో మొదటి గడి లక్ష్యాలు, చివరి గడి మూల్యాంకనం.