చెల్లికి సైకిల్ నేర్పే డ్యూటీ మీదే

ఒరేయ్ పిల్లలూ, అమ్మలూ,

మీకు సైకిల్ తొక్కడం వచ్చేసింది కాబట్టి ఈ ఉత్తరం మీకే రాస్తున్నా, మీ అమ్మానాన్నలకి కాదు. వాళ్ళకి చెప్తే సరే సరే అంటారు, సాయంత్రం అయ్యేసరికి మళ్ళీ పిల్లదాని సీటు వెనకాల పట్టుకుని నడుం వంచుకుని పరిగెడుతూ ఉంటారు. ఇంట్లో రెండున్నరేళ్ళదో మూడేళ్ళదో చెల్లి ఉన్నా, నాలుగేళ్ళ తమ్ముడు ఉన్నా, ఈ వేసవి సెలవుల్లో వాళ్ళకి సైకిల్ నేర్పే డ్యూటీ మీదే. హైస్కూల్లో డ్రిల్ మాస్టారుగా చేసినవాణ్ణి, పిల్లలు ఏది ఎలా నేర్చుకుంటారో గ్రౌండ్‌లో ఎండలో నిలబడి చూసినవాణ్ణి, కాబట్టి ఫోన్‌లో గేమ్ కాసేపు ఆపి చదవండి.

బ్యాలెన్స్ బైక్ అని ఇప్పుడు అమ్ముతున్నారు చూశారుగా, రెండు చక్రాలు, ఒక సీటు, ఒక హ్యాండిల్, అంతే. పెడల్ లేదు, చైన్ లేదు, వెనక చక్రానికి అటూ ఇటూ సైడ్ వీల్స్ అనే బుజ్జి చక్రాలూ లేవు. మీలో ఒకడు దాన్ని చూసి "తాతా, సగం పార్టులు ఇవ్వలేదు, రిటర్న్ పెట్టేద్దాం" అన్నాడు. కాదురా నాయనా. సైకిల్ తొక్కడంలో రెండు పనులున్నాయి. కాళ్ళు గుండ్రంగా తిప్పడం ఒకటి, అది తేలిక, మూడు చక్రాల బండి మీద పసిపిల్లలు కూడా చేసేస్తారు. పడకుండా ఉండటం రెండోది, అసలు కష్టమంతా అక్కడే. మనం ఎప్పట్నుంచో తేలికైనది ముందు నేర్పి, కష్టమైనదాన్ని సైడ్ వీల్స్ తగిలించి వాయిదా వేస్తూ వచ్చాం. ఈ బండి కష్టమైనదాన్ని ముందు పట్టుకుంటుంది.

పడకుండా ఉండటం అంటే ఏంటో చెప్తా వినండి. చీపురు కర్రని అరచేతిలో నిలబెట్టి ఆడతారు కదా, కర్ర ఎటు వాలితే చెయ్యి గబుక్కున అటే జరుపుతారు. సైకిల్ కూడా అంతే, ఎడమకి వాలుతుంటే హ్యాండిల్ కొంచెం ఎడమకే తిప్పాలి, అప్పుడు చక్రాలు జరిగి మళ్ళీ మన కిందకి వచ్చేస్తాయి. కొత్తవాళ్ళు భయంతో ఎదురువైపుకి తిప్పుతారు, దబ్బున పడతారు. మూడేళ్ళ పిల్లకి ఇది నోటితో చెప్పి ప్రయోజనం లేదు, కాళ్ళు నేలకి అందుతూ, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆగొచ్చు అనే ధైర్యం ఉంటే ఒళ్ళే నేర్చేసుకుంటుంది. చక్రం గిర్రున తిరుగుతుంది కాబట్టే సైకిల్ నిలబడుతుందని ఎవరైనా చెప్తే మొత్తం నమ్మేయకండి, 2011లో అమెరికా, నెదర్లాండ్స్ సైంటిస్టులు కలిసి ఆ తిరిగే ప్రభావాన్ని రద్దు చేసేసిన బుల్లి ప్రయోగపు సైకిల్ ఒకటి తయారుచేసి వదిలారు, మనిషి లేకుండానే అది పడకుండా పోయింది. వాలిన వైపుకి తనంతట తాను తిరగడమే అందులో కిటుకు.

ఇప్పుడు సైడ్ వీల్స్ సంగతి. వాటితో బండి అస్సలు వాలదు. మలుపు తిరిగేటప్పుడు మీరైతే మలుపు లోపలి వైపుకి వాలతారు, సైడ్ వీల్స్ బండి మీద పిల్లలు బయటి వైపుకి ఒరిగి కూర్చుంటారు, ఈసారి కాలనీలో ఎవరన్నా తొక్కుతుంటే గమనించండి. ఏడాదంతా ఆ అలవాటు చేయించి ఒక ఆదివారం పొద్దున్నే నాన్న స్పానర్ తెచ్చి ఆ చక్రాలు ఊడదీసి "తొక్కు" అంటే ఎలా తొక్కుతారు పాపం, నేర్చుకున్నదంతా మర్చిపోయి మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టాలి. నన్నడిగితే ఆ చక్రాలు అమ్మడమే మానేయాలి, కానీ నన్నెవరు అడుగుతారు.

ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకునేరు, ప్రపంచంలో మొట్టమొదటి సైకిల్‌కే పెడల్స్ లేవు. జర్మనీలో కార్ల్ వాన్ డ్రైస్ అని అడవుల శాఖ ఆఫీసరు ఒకాయన చెక్కతో రెండు చక్రాల బండి చేసి, 1817 జూన్ 12న మన్‌హైమ్ ఊరి నుంచి కాళ్ళతో నేలని తన్నుకుంటూ బయల్దేరి, వెళ్ళి రావడానికి పదమూడు పద్నాలుగు కిలోమీటర్లు గంటలో లాగించాడు. ఆ బండి ఇరవై కిలోల పైమాటే. అంతకుముందు 1815లో ఇండోనేషియాలో తంబోరా అగ్నిపర్వతం పేలి, 1816లో యూరప్‌లో వేసవే రాక పంటలు పోయి, గుర్రాలకి దాణా దొరక్క ఈ ఆలోచన వచ్చిందని కొందరంటారు, చరిత్రకారులు దాని మీద ఇంకా తగువులాడుకుంటున్నారు. పెడల్స్ వచ్చింది 1860లలో, పారిస్‌లో. అంటే అన్నేళ్ళు పెద్ద పెద్ద మీసాలున్న దొరలు కూడా మీ చెల్లి లాగే కాళ్ళతో తోసుకుంటూ తిరిగారన్నమాట. పిల్లల కోసం మళ్ళీ ఆ పద్ధతి 1997లో జర్మనీలోనే చెక్క బండిగా వచ్చింది, తర్వాత 2007లో అమెరికాలో స్ట్రైడర్ వాళ్ళు మూడు కిలోల బండి తెచ్చాక ఊరూరా పాకింది.

సరే, అసలు పనిలోకి వద్దాం. అన్నిటికంటే ముఖ్యం సీటు ఎత్తు, ఇక్కడ తప్పితే మిగతా ఏం చేసినా దండగ. చెల్లిని చెప్పులు విప్పకుండా గోడకి ఆనించి నిలబెట్టండి, కాళ్ళ మధ్యన ఒక గట్టి అట్ట నోట్‌బుక్ అడ్డంగా పెట్టి పైకి జరిపి ఆగిన చోట గోడ మీద పెన్సిల్‌తో గీత గీయండి (అమ్మ చూడకుండా). నేల నుంచి ఆ గీత దాకా ఎంతుందో దానికి రెండు మూడు సెంటీమీటర్లు తక్కువలో సీటు పెట్టాలి. కూర్చుంటే రెండు పాదాలూ మడమలతో సహా నేలకి ఆనాలి, మోకాలు కొంచెం వంగి ఉండాలి. మునివేళ్ళు మాత్రమే అందుతున్నాయంటే సీటు ఎక్కువైనట్టే. ఎదిగే పిల్లలు కదా, నెలకోసారి మళ్ళీ చూడండి.

బండి కొనక్కర్లేదు కూడా. మీ పాత పన్నెండు అంగుళాల సైకిల్ అటక మీద ఉంటే దింపండి, 15 నంబర్ స్పానర్ తీసుకోండి. కుడి పెడల్ మామూలుగానే, గడియారం తిరిగే దానికి ఎదురు వైపుకి తిప్పితే ఊడుతుంది. ఎడమ పెడల్‌కి మర ఉల్టా ఉంటుంది, గడియారం తిరిగే వైపుకే తిప్పాలి, ఇది తెలీక ఎంతమంది బలమంతా పెట్టి ఇంకా బిగించేస్తారో. తొక్కేటప్పుడు వాటంతటవే ఊడిపోకుండా అలా చేశారు. ఊడదీసిన రెండూ కవర్లో వేసి ఏది కుడో ఏది ఎడమో రాసి దాచండి. పెడల్స్ పోయినా వాటిని పట్టుకునే కడ్డీలు మిగులుతాయి, అవి పిక్కలకి కొడతాయి, సైకిల్ షాపు అన్నని అడిగితే వాటినీ తీసేస్తాడు. కాకపోతే పాత సైకిళ్ళు బరువు, పిల్లదే పన్నెండు కిలోలుంటే ఏడు కిలోల బండి ఎలా మోస్తుంది, మూడో వంతు దాటకూడదు. మరీ చిన్నపిల్ల అయితే ఇంకో ఆరు నెలలు ఆగండి, కొంపలేం మునగవు.

హెల్మెట్ కనుబొమ్మలకి రెండు వేళ్ళ పైన ఉండాలి, వెనక్కి తోసి నుదురంతా కనపడేలా పెట్టకండి. కాళ్ళకి బూట్లు ఉండాల్సిందే, ఎందుకంటే వాళ్ళకి బ్రేకులు కాళ్ళే. చోటు విషయానికొస్తే స్కూల్ గ్రౌండ్ బెస్ట్, గట్టి నేల, ఎవరూ రారు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో వద్దు, రివర్స్ చేసే కారులో వాళ్ళకి అంత పొట్టి పిల్ల కనపడదు. సెల్లార్ ర్యాంప్ మీద నుంచి వదిలితే భలే స్పీడు వస్తుందని మీలో ఎవడికో ఐడియా వచ్చే ఉంటుంది, వాడికి చెప్తున్నా, చెవి మెలేస్తా.

ఇక నేర్పడం. మొదటి రోజుల్లో అది సీటు మీద కూర్చోదు కూడా, బండిని కాళ్ళ మధ్య పెట్టుకుని నిలబడి నడుస్తుంది, నడవనివ్వండి. తర్వాత కూర్చుని నడుస్తుంది, ఆ తర్వాత అంగలు పెద్దవవుతాయి, ఒకరోజు రెండు కాళ్ళూ ఒకేసారి లేపి జారుకుంటూ పోతుంది. ఎన్నాళ్ళు పడుతుందని నన్నడక్కండి, ఒకళ్ళకి వారం, ఒకళ్ళకి మూడు నెలలు, రోజూ పావుగంట చాలు, విసుగొస్తే ఆపేయండి. మీరు మాత్రం హ్యాండిల్ పట్టుకోకూడదు, సీటు పట్టుకోకూడదు, వెనక నుంచి తోయకూడదు. మీరు పట్టుకున్నారంటే బ్యాలెన్స్ చేస్తున్నది మీరు, అది కాదు. పక్కనే మీరూ నడవండి, "కిందకి చూడకు, నా వైపు చూడు" అని ముందు నిలబడి పిలవండి, చూపు ఎటుంటే బండి అటే పోతుంది. సుద్దముక్కతో వంకర గీత గీసి దాని మీద పొమ్మనండి, ఇంకోసారి కాళ్ళు ఎత్తి ఎంత దూరం జారితే అక్కడ గీత గీయండి. పక్కింటి బుజ్జిగాడితో మాత్రం పోటీ పెట్టకండి, మూడేళ్ళకి పోటీ ఏంటి అసలు.

నాలుగైదు మీటర్లు కాళ్ళు పైకెత్తి జారుతూ, మలుపు కూడా తిరిగేస్తుంటే పెడల్స్ టైమ్ వచ్చినట్టే. సీటు అప్పుడు కూడా కిందే ఉంచండి. కాళ్ళతో తోసుకుని బండి కదిలాక పెడల్స్ మీద కాళ్ళు పెట్టమనండి, ఆగి ఉన్న బండి మీద పెట్టిస్తే ఒరిగిపోతుంది. ఇక్కడ ఒక చిక్కు, ఇన్నాళ్ళూ కాళ్ళతోనే ఆగింది కాబట్టి చేతి బ్రేక్ గుర్తురాదు. అందుకని తొక్కించే ముందే బండి పక్కన నడిపిస్తూ, బ్రేక్ నొక్కు, వదులు అని ఆట ఆడించండి. మన దగ్గర చిన్నపిల్లల సైకిళ్ళకి బ్రేక్ లివర్ ఆ బుల్లి వేళ్ళకి అందదు, అందినా గట్టిగా ఉంటుంది, షాపులో దగ్గరికి జరిపించి వైరు సరిచేయించండి, పది నిమిషాల పని.

డౌట్లుంటే ఫోన్ చేయండి. వీడియోలు పంపేటప్పుడు దాని మొహం, హెల్మెట్, నవ్వు అవన్నీ అమ్మమ్మకి పంపండి, నాకు మాత్రం పాదాలు నేలకి ఎలా ఆనుతున్నాయో కనపడేలా పక్క నుంచి తీసి పంపండి, సీటు ఎక్కువైందో తక్కువైందో చూసి చెప్తా.

మీ డ్రిల్ తాత