గడ్డికి వడదెబ్బ తగులుతుందా?

బ్రాడీపేట, గుంటూరు
మే నెల, రోహిణి కార్తె ముందు

చిరంజీవులు హారికకు, సాత్విక్‌కు తాతయ్య ఆశీస్సులు.

హారికా, మొన్న సెలవులకు వచ్చినప్పుడు టీవీలో గోల్ఫ్ పోటీ చూస్తూ నువ్వొక ప్రశ్న అడిగావు. అంతలో కరెంటు పోయింది, మామిడిపళ్ళ బుట్ట వచ్చింది, మాట దారి తప్పింది. "మన వీధి పార్కులో గడ్డంతా మాడిపోయింది కదా తాతయ్యా, వాళ్ళ గడ్డికి వడదెబ్బ తగలదా?" అన్నావు. సాత్విక్ వెంటనే "రంగు వేస్తారు" అని తేల్చేశాడు. వాడి మాట ఉత్త అల్లరి కాదు. గడ్డి మీద చల్లే ఆకుపచ్చ రంగు నిజంగానే ఉంది. చలికాలంలో గడ్డి పెరగడం మానేసి గోధుమరంగుకు తిరిగే దేశాల్లో దాన్ని వాడతారు. కానీ మీరు ఆ రోజు చూసింది ప్రాణమున్న గడ్డే. దానికి వడదెబ్బ తగులుతుంది. మనిషి కంటే తొందరగానే తగులుతుంది.

ఈ సంగతులన్నీ నాకు చెప్పింది మీ చిన్నమామయ్య. బాపట్లలో వ్యవసాయం చదువుకుని, వరి మీదో మిరప మీదో పని చేస్తాడనుకుంటే, గోల్ఫ్ మైదానంలో గడ్డి చూసే ఉద్యోగంలో చేరాడు. "గడ్డి పెంచడానికా ఇంత చదువు!" అని మా తమ్ముడు కొన్నాళ్ళు వాడితో సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు మాత్రం ఎవరొచ్చినా వాడి ఫొటోలు చూపిస్తాడు.

గోల్ఫ్‌లో బంతిని చివరికి ఒక గుంటలో వేయాలి. గుంట వెడల్పు 108 మిల్లీమీటర్లు. దాని చుట్టూ నున్నగా ఉండే చోటును గ్రీన్ అంటారు. బంతి అక్కడ ఎగరకుండా దొర్లాలి కాబట్టి గడ్డిని సుమారు 3 మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తారు. రెండు రూపాయి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి, దాదాపు అంతే. ఆ కోత కూడా ఎప్పుడో ఒకసారి కాదు, మామూలు రోజుల్లో రోజూ, ఆటగాళ్ళు రాకముందే. కత్తి పదును తగ్గితే ఆకు తెగకుండా చీలి, కొన ఎర్రబడుతుందట.

ఇప్పుడు ఆలోచించండి. ఎండను పట్టి తిండి తయారుచేసేది ఆకు. ఆ ఆకునే కోసేస్తుంటే తిండి తగ్గుతుంది, తిండి తగ్గితే వేరు లోతుకు పోదు. వేరు పైపైనే ఉంటే, మధ్యాహ్నానికి పై తడి ఆరిపోగానే దానికి దిక్కుండదు. మన పార్కులో గడ్డి మాడినా లోపల వేరు బతికే ఉంటుంది, వాన కోసం కాచుకుంటుంది. గ్రీన్ మీది గడ్డికి అంత ఓపిక పట్టే శక్తిని మనమే మిగల్చలేదు. అందుకని ఎండాకాలమంతా ఒక మనిషి దాని పక్కన నిలబడాలి.

మీకు సులువుగా తెలియడానికి ఒక పోలిక చెబుతాను. మే నెలలో గ్రీన్ మీది గడ్డి అంటే అత్తవారింటికి వచ్చిన కొత్త అల్లుడు. నవ్వకండి, వినండి.

కొత్త అల్లుడు నోరు తెరిచి మంచినీళ్ళు అడగడు. మొహం చూసి మనమే తెలుసుకోవాలి. గడ్డీ అంతే. దాహం వేసినప్పుడు దాని పచ్చదనం కాస్త నీలంగా, బూడిదరంగుగా మారుతుంది. దాని మీద అడుగు వేస్తే, తడి ఉన్న గడ్డి వెంటనే లేస్తుంది. దాహంతో ఉన్న గడ్డి అలాగే పడుకుని ఉంటుంది, పాదం గుర్తు పోదు. మైదానం చూసేవాళ్ళు మధ్యాహ్నం పూట తిరిగేది ఆ రంగు కోసం, ఆ గుర్తుల కోసమే. కనబడిన చోట మాత్రమే పైపు పట్టుకుని తడుపుతారు, గ్రీన్ అంతటికీ పోయరు.

కొత్త అల్లుడు వచ్చాడు కదా అని అదేపనిగా పెట్టకూడదు. మీ నాన్నగారు పెళ్ళయిన కొత్తలో మే నెలలోనే వచ్చారు. అమ్మమ్మ గారెలు, బూరెలు, పులిహోర, మళ్ళీ సాయంత్రం మినపసున్ని. చివరికి మజ్జిగ, సగ్గుబియ్యం జావతో గడిపి వెళ్ళారు పాపం. చల్లని దేశపు గడ్డికి ఎండల్లో నత్రజని ఎరువు దండిగా వేస్తే ఇలాగే అవుతుంది. ఆకు గబగబా పెరుగుతుంది, వేరు నీరసిస్తుంది, తెగుళ్ళు పట్టుకుంటాయి. కాబట్టి ఎరువు కొంచెం కొంచెంగా వేస్తారు.

వడగాలి వీస్తే అల్లుడి మెడ మీద తడి తువ్వాలు వేస్తాం. గ్రీన్‌కు కూడా నడి మధ్యాహ్నం సన్నని తుంపర చల్లుతారు. అది తాగడానికి కాదు, వేరు దాకా పోదు. ఆకు మీది తడి ఆరుతూ వేడిని తీసుకుపోతుంది, అంతే. అయితే ఒక చిక్కుంది. పల్నాడు వైపు ఎండ పొడిగా ఉంటుంది, తడి తొందరగా ఆరుతుంది. మీ విజయవాడలో ఉక్కపోత రోజున చెమటే ఆరదు, ఇక తుంపర ఏం ఆరుతుంది? అలాంటి చోట్ల గ్రీన్ పక్కన పెద్ద పెద్ద కరెంటు ఫ్యాన్లు నిలబెడతారు. గడ్డికి ఫ్యానంటే నేనూ నమ్మలేదు, మీ మామయ్య ఫొటో చూపించాడు. అల్లుడికి వేసినట్టే!

అల్లుణ్ణి ఊరికే కదిలించకూడదు కూడా. ఎండలు మరీ ముదిరితే కోత ఎత్తు కొద్దిగా పెంచుతారు. అర మిల్లీమీటరు పెంచినా గడ్డికి ఊపిరి వస్తుందట. కొన్ని రోజులు కోత మానేసి, తేలికైన రోలరు మాత్రం దొర్లిస్తారు. అందరూ ఒకేచోట తొక్కకుండా గుంటను కూడా ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుస్తుంటారు. పాత గుంటను పూడ్చి, కొత్తది తవ్వుతారు.

ఇక్కడిదాకా రాసి అమ్మమ్మకు చదివి వినిపించాను. "అల్లుడి జుట్టు రోజూ కోస్తారా ఎక్కడైనా?" అంది. పోలిక అక్కడ కాస్త కుంటుతుంది, ఒప్పుకోక తప్పదు. అయినా వదలబుద్ధి కావడం లేదు, ఎందుకంటే అల్లుళ్ళలోనూ రెండు రకాలున్నారు. ఒకడు చల్లని ఊరి నుంచి వచ్చినవాడు. బెంట్ అనే గడ్డి అలాంటిది, 15 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. రెండోవాడు మేనరికపు అల్లుడు, ఈ ఇంట్లోనే తిరిగి పెరిగినవాడు, వంటింట్లోకి వెళ్ళి తనే వడ్డించుకుంటాడు. వాడు మన గరిక. వినాయకచవితికి జంటలు జంటలుగా ఏరుకొచ్చే గరికే. 27 నుంచి 35 డిగ్రీల వేడి దానికి పండుగ.

అమెరికాలో జార్జియా రాష్ట్రంలో టిఫ్టన్ అనే ఊరుంది. అక్కడి శాస్త్రవేత్తలు మామూలు గరికను ఆఫ్రికా గరికతో కలిపి, గ్రీన్‌లకు పనికివచ్చే సన్నని రకాలు పుట్టించారు. టిఫ్‌గ్రీన్, దాని నుంచి వచ్చిన టిఫ్‌డ్వార్ఫ్ అలాంటివి. వీటికి మొలిచే విత్తనం పట్టదు, తీగ ముక్కలు నాటుకోవలసిందే. వేడి దేశాల్లో గ్రీన్‌ల మీద ఉండేది ఎక్కువగా ఈ గరిక సంతతే. అదే జార్జియాలో ఆగస్టా అనే పేరుమోసిన మైదానం ఉంది. అక్కడ గ్రీన్‌ల మీద బెంట్ గడ్డి వేసి, కింద గొట్టాలు పెట్టి గాలినీ తడినీ అదుపు చేస్తారు. అంత చేసినా, ఏప్రిల్‌లో పోటీ ముగిశాక మే చివర నుంచి అక్టోబరు దాకా ఆట కట్టేసి మైదానం మూసేస్తారు. చూశారా, గడ్డికి కూడా వేసవి సెలవులున్నాయి!

గరిక మాట వచ్చింది కాబట్టి నా చిన్నతనం చెప్పకుండా ముందుకు పోలేను. మాది ప్రత్తిపాడు వైపు నల్లరేగడి పల్లె. అక్కడ గరికంటే రైతుకు శత్రువు. ఎండాకాలం దుక్కి దున్నేదే గరిక వేళ్ళు, తుంగ గడ్డలు పైకి వచ్చి ఎండకు చావాలని. మా నాన్న గుంటక తోలుతుంటే పిల్లలం వెనకాలే గంపలు పట్టుకుని గరిక వేళ్ళు ఏరేవాళ్ళం. కాళ్ళు కాలేవి. మట్టిపెళ్ళ మీది నుంచి మట్టిపెళ్ళ మీదికి దూకేవాళ్ళం. తెల్లగా, గణుపులు గణుపులుగా, లాగితే మూరల కొద్దీ వచ్చేవి. కొంత కడిగి గేదెకు వేసేవాళ్ళం, మిగిలింది గట్టు మీద కుప్ప పోసేవాళ్ళం. రోహిణి ఎండలకు ఆ కుప్ప గలగలలాడేది. అగ్గిపుల్ల గీస్తే భగ్గుమనేది. మృగశిరలో నాలుగు చినుకులు పడేసరికి, కాలకుండా మిగిలిన కుప్ప అడుగు నుంచి పచ్చటి మొనలు! నాన్న తిట్టే తిట్లు మీకు రాయను. ఆ గరికనే ఇప్పుడు మీ మామయ్య జీతం తీసుకుని సాకుతున్నాడు. నాన్న ఉండి ఉంటే ఏమనేవాడో!

సాత్విక్, నీ రెండో మాటకు వస్తున్నాను. పార్కులో కుళాయి కారే చోట మాత్రం గడ్డి పచ్చగా ఉందని చూపించి, "నీళ్ళు ఎక్కువ పోస్తే చాలుగా" అన్నావు. చూడడం బాగా చూశావు. కానీ గ్రీన్ మీద నడి ఎండలో నీళ్ళు నిలిస్తే, ఆ నీళ్ళు వేడెక్కి గడ్డిని ఉడకబెడతాయి. మట్టిలో గాలి ఆడక వేరు కుళ్ళుతుంది. మన నల్లరేగడి తాగిన నీటిని ఒక పట్టాన వదలదు, ఎండితే కాలు దిగేంత నెర్రెలిస్తుంది. గ్రీన్‌కు ఈ రెండూ పనికిరావు. అందుకని పైన 30 సెంటీమీటర్ల ఇసుక, దాని కింద 10 సెంటీమీటర్ల కంకర, ఆ కింద నీరు పోయే గొట్టాలు వేస్తారు. అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ప్రకటించిన పద్ధతి ఇది. ఇసుక నీటిని తొందరగా వదిలేస్తుంది కాబట్టి పొద్దున్నే తడపడం, మధ్యాహ్నం చూసుకోవడం, ఎరువు చిటికెడు చిటికెడు వేయడం. ఒక చిక్కు తీర్చబోతే ఇంకో చిక్కు.

అసలీ ఆట పెరిగిందే స్కాట్లండ్ సముద్రపు ఒడ్డున. ఇసుక నేల, చల్లని గాలి, అడపాదడపా వాన. గడ్డిని గొర్రెలు మేసేవి, లేకపోతే కొడవళ్ళతో కోసేవారు. గడ్డి కోసే యంత్రానికి పేటెంటు వచ్చింది 1830లో. ఇంగ్లండులో బడ్డింగ్ అనే ఆయన, బట్టల మిల్లులో ఉన్ని నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి దాన్ని తయారుచేశాడు. అంతకు ముందు ఏడాదే, 1829లో, కలకత్తాలో గోల్ఫ్ క్లబ్బు పెట్టారు. అంటే ఆటను ఓడలో తెచ్చుకున్నారు కానీ వాతావరణాన్ని తెచ్చుకోలేరు కదా. నీళ్ళు లేని కొన్నిచోట్ల మాత్రం తెలివిగా గ్రీన్ మానేసి, ఇసుకలో నూనె కలిపి చదును చేసి ఆడుకునేవారు. దానికి బ్రౌన్ అని పేరు. నన్నడిగితే మన ఎండలకు ఆ పద్ధతే మర్యాద. వీధిలో ట్యాంకరు కోసం బిందెలు వరస పెట్టిన రోజున మంచినీళ్ళు గడ్డికి పోయడం నాకు మింగుడుపడదు. ఈ మాటే అంటే, చాలా మైదానాలు మురుగునీటిని శుద్ధి చేసి వాడుతున్నాయని మీ మామయ్య చెప్పాడు. అలా వాడితే సరే.

ఇంకొక్క మాట. ఈసారి టీవీలో ఆ పచ్చదనం కనబడినప్పుడు, తెల్లవారకముందే వచ్చి, మధ్యాహ్నం నెత్తికి తువ్వాలు చుట్టుకుని పైపు పట్టుకున్న మనిషి కోసం కూడా వెతకండి. కెమెరా అతన్ని చూపించదు. మీ పార్కులో మాలి కనబడితే ముందు మంచినీళ్ళు ఇచ్చి, ఆ తరవాత ప్రశ్నలు అడగండి.

ఆకు తరిగితే వేరెందుకు తరుగుతుందో దాని లోపలి లెక్క నేను రాయబోవడం లేదు. మీరే చూడండి. నాన్నగారితో కలిసి బందరు కాలువ గట్టుకు వెళ్ళి కొంచెం గరిక తెచ్చుకోండి. రెండు కుండీల్లో ఒకే మట్టి పోసి నాటండి. నాటుకుని చిగురు వేశాక, ఒకదాన్ని రోజు విడిచి రోజు కత్తెరతో వీలైనంత పొట్టిగా కత్తిరించండి. రెండోదాన్ని తాకవద్దు. రెంటికీ సమానంగా నీళ్ళు పోయండి. బడులు తెరిచాక ఒక ఆదివారం రెండు కుండీలూ బోర్లించి, వేళ్ళకున్న మట్టి మెల్లగా కడిగి, స్కేలు పెట్టి కొలిచి నాకు ఫోను చేయండి. కత్తెర మాత్రం అమ్మను అడిగి తీసుకోండి. జాకెట్టు గుడ్డలు కత్తిరించే కత్తెర ముట్టుకున్నారంటే నేను అడ్డురాను.

మీ
తాతయ్య