మతిమరుపు ఏ వయసులో మొదలైంది?

చిరంజీవులకు ఆశీస్సులు.

ఇంట్లో పెద్దవాళ్లకు మతి తప్పుతుంటే "వయసైపోయింది, చాదస్తం" అనేసి ఊరుకుంటాం. డాక్టరు మాత్రం "ఇది ఏ వయసులో మొదలైంది?" అని అడుగుతారు. మెదడులోని రక్తనాళాలు చెడి ఆలోచన మందగించే జబ్బులో ఆ జవాబు చాలా దారి చూపిస్తుంది.

మెదడు బరువు ఒంటి బరువులో నూటికి 2 వంతులే. గుండె పంపే రక్తంలో మాత్రం 15 నుంచి 20 వంతులు దానికే పోతాయి. మెదడు లోతుల్లోకి వెళ్లే నాళాలు దారప్పోగంత సన్నగా ఉంటాయి. ఏళ్ల తరబడి బీపీ ఎక్కువగా ఉంటే వాటి గోడలు మందమై లోపలి దారి ఇరుకవుతుంది. ఒకటి పూర్తిగా మూసుకుపోతే అక్కడ 3 నుంచి 15 మిల్లీమీటర్ల గుంట పడుతుంది, పెసరగింజ మొదలు కుంకుడుగింజ దాకా అనుకోండి. చెయ్యీ కాలూ పడిపోకుండానే ఇలాంటివి నాలుగైదు పడి ఉండొచ్చు. అవి ఎంఆర్ఐ తీస్తేగాని బయటపడవు.

80 దాటాక మొదలైన మతిమరుపులో నాళాల దెబ్బ ఒక్కటే ఉండడం తక్కువ, మెదడు కణాలే మెల్లగా నశించే అల్జీమర్స్ జబ్బు కూడా కలిసి ఉండడమే ఎక్కువ. 65 లోపు నాళాల జబ్బు వస్తే అది ఒంటరిగా ఉండే అవకాశం పెరుగుతుంది. అప్పుడు ముందు దెబ్బతినేది జ్ఞాపకం కాదు, పని వరస. ఏళ్లుగా పులిహోర చేసిన చేయే చింతపండు నానబెట్టకుండా పోపు పెట్టేస్తుంది. ఆవాలు మాడుతున్నా తర్వాత ఏం చేయాలో తోచక, గరిటె పట్టుకుని నిలబడిపోతారు. "చింతపండు గుజ్జు వెయ్యాలి కదమ్మా" అంటే వెంటనే అందుకుంటారు. గడియారం బొమ్మ గీసి 11 గంటల 10 నిమిషాలు చూపించమంటే, పెద్దముల్లు 2 మీద కాక 10 అంకె మీద పెట్టేయొచ్చు. పేర్లు, పాత సంగతులు గుర్తుంటాయి కాబట్టి ఇంట్లో వాళ్లు దీన్ని బద్ధకం అనుకుంటారు, ఆఫీసులో అశ్రద్ధ అనుకుంటారు. 50 ఏళ్ల మనిషికి ఇది చాలా అన్యాయం.

ఇంకా చిన్న వయసులో, బీపీ లేకుండానే వస్తే వంశం గురించి అడుగుతారు. కాడసిల్ అనే జబ్బుకు కారణం 19వ క్రోమోజోమ్ మీది నాచ్3 జన్యువని 1996లో తేలింది. 30ల్లో కళ్ల ముందు మెరుపులతో పార్శ్వపు నొప్పి, 40, 50ల్లో స్ట్రోకులు (పక్షవాతపు దెబ్బలు), ఆ తర్వాత మతి తగ్గడం దాని మామూలు దారి. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం.

బీపీ, షుగర్ ఏ వయసులో మొదలయ్యాయన్నదీ లెక్కలోకి వస్తుంది. లండన్ ప్రభుత్వోద్యోగులను 1985 నుంచి గమనిస్తున్న వైట్‌హాల్ అధ్యయనంలో, 50 ఏళ్లకు పై బీపీ 130 లేదా అంతకు మించి ఉన్నవారిలో తర్వాత డిమెన్షియా, అంటే మతి తగ్గిపోయే జబ్బు, ఎక్కువగా కనిపించింది. 70 ఏళ్లకు ఉన్న బీపీతో అలాంటి సంబంధం కనబడలేదు. 70 ఏళ్లవారిని పోల్చితే, షుగర్ ప్రతి 5 ఏళ్లు ముందుగా మొదలైనకొద్దీ ముప్పు నూటికి 24 వంతులు పెరిగింది. అందుకే నా చూపు మీ తాతయ్యల మీద కంటే నలభైల్లో ఉన్న మీ అమ్మానాన్నల మీదే ఉంది.

బీపీ చూసేముందు అరగంట పాటు కాఫీ, సిగరెట్ వద్దు. 5 నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి కూర్చోబెట్టండి. చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి. నిమిషం తేడాతో రెండుసార్లు చూసి రాయండి. కాలు మీద కాలు వేసుకున్నా, మాట్లాడుతున్నా అంకె పెరుగుతుంది.

"ఇప్పుడు బాగానే ఉంది కదా" అని మాత్రలు మానేయడం మనవాళ్లు చేసే పెద్ద తప్పు. మొదటి స్ట్రోక్ తర్వాత పదిమందిలో ఒకరికి కొత్తగా డిమెన్షియా వస్తుంది, మళ్లీ మళ్లీ వస్తే మూడో వంతుకు పైగా. మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి జారిపోయినా గడియారం చూసి టైము రాసుకుని 108కి ఫోన్ చేయండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు మామూలుగా నాలుగున్నర గంటలే. నోట్లో నీళ్లు కూడా పోయకండి, పొరబోతాయి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద బీపీ ఎప్పుడు మొదలైంది, షుగర్ ఎప్పుడు, తేడా మొదట ఏ పనిలో కనిపించింది, ఒక్కరోజులో వచ్చిందా, మెల్లగా వచ్చిందా అన్నది రాసి ఇవ్వండి.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న