మోటర్‌హోమ్‌కు కొత్త టైర్లు: అపోహలు - వాస్తవాలు

అమెరికా రోడ్ల మీద తరచుగా కనిపించే మోటర్‌హోమ్ (ఇల్లు కట్టిన బండి) ఫోర్డ్ ఈ-450 చాసిస్ (అడుగు చట్రం) మీద కట్టిన క్లాస్ సీ (వ్యాన్ ముందు భాగం ఉండే మధ్య రకం) బండి. సెకండ్‌హ్యాండ్‌లో కొనే మనవాళ్ల చేతికి కూడా చాలాసార్లు ఇదే వస్తుంది. దీనికి ముందు రెండు, వెనక జంటలుగా నాలుగు, మొత్తం ఆరు టైర్లు. సైజు ఎల్‌టీ (లైట్ ట్రక్కు) 225/75ఆర్16, లోడ్ రేంజ్ (బరువు మోసే స్థాయి) ఈ. కింద లెక్కలన్నీ ఈ బండికి వేసినవే. మీది వేరే బండి అయితే అంకెలు మారతాయి, లెక్క వేసే పద్ధతి మారదు.

అపోహ: ట్రెడ్ (నేలను తాకే గాడుల భాగం) నిండుగా ఉంది, టైరుకు ఇంకా చాలా ఆయుష్షు ఉంది.

కారు టైరు అరిగి పోతుంది, మోటర్‌హోమ్ టైరు ముసలిదై పోతుంది. ఏడాదిలో నాలుగైదు వేల మైళ్లు తిరిగి మిగతా కాలమంతా ఎండలో నిలబడే బండికి గాడులు అరిగేలోపే రబ్బరు ఎండిపోతుంది. ఓజోన్‌ను తట్టుకోవడానికి రబ్బరులో మైనాలు, కొన్ని రసాయనాలు కలుపుతారు. టైరు తిరుగుతూ, వంగుతూ ఉంటేనే అవి లోపలి నుంచి పైకి ఊరతాయి. బండి నెలల తరబడి కదలకపోతే ఊరవు. అప్పుడు సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మీద వెంట్రుకల్లాంటి పగుళ్లు పడతాయి. అసలు ప్రమాదం కంటికి కనిపించని చోట ఉంటుంది: ట్రెడ్ కింద స్టీలు బెల్టుల అంచుల దగ్గర రబ్బరు పట్టు వదలడం. వేసవిలో హైవే మీద ఆ బెల్టు ఊడితే టైరు ఒక్కటే పోదు. చక్రం గూడును చీల్చి, లోపలి వైర్లను, డ్రెయిన్ గొట్టాలను కూడా లాక్కుపోతుంది.

వయసు తెలియాలంటే సైడ్‌వాల్ మీది డీఓటీ (అమెరికా రవాణా శాఖ) నంబరులో చివరి నాలుగు అంకెలు చూడాలి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనట్టు. మూడంకెలే ఉంటే అది 2000కు ముందుది, ఇంకేమీ చూడనక్కర్లేదు. పూర్తి నంబరు టైరుకు ఒక పక్కనే ఉంటుంది. అది లోపలి వైపుకు పడితే టార్చి పట్టుకుని బండి కిందికి దూరాల్సిందే. బండి మోడల్ సంవత్సరాన్ని బట్టి టైరు వయసు అంచనా వేయకండి. స్పేర్ ఉంటే దాన్నీ వదలకండి, వాడని టైరూ ముసలిదవుతుంది.

అయిదేళ్లు దాటాక ఏటా నిపుణుడికి చూపించాలని, పైకి ఎంత బాగున్నా పదేళ్లకు మించి వాడొద్దని మిషెలిన్ చెబుతుంది. పదేళ్లంటే అది చివరి గడువు, అంతదాకా లాగమని కాదు. ఎండ ఎక్కువగా ఉండే టెక్సస్, అరిజోనా లాంటి చోట ఆరుబయట నిలిపే బండికి ఏడో ఏడు రాగానే మార్చేయడమే మా సలహా.

ఆర్డర్ ఇచ్చేటప్పుడే డీఓటీ తేదీ అడగండి. ఏడాది దాటిన సరుకైతే వద్దనండి. ఆరు టైర్లకూ బిగించకముందే తేదీ చూసుకోండి. ఇంకో మాట: ముందు టైర్లకు, వెనక బయటి టైర్లకు నంబరు బయటికి కనిపించేలా, వెనక లోపలి టైర్లకు నంబరు యాక్సిల్ వైపు ఉండేలా ఎక్కించమని చెప్పండి. షాపువాళ్లకు ఇది పెద్ద పనేం కాదు, మీకు మాత్రం ఏటా సుఖం.

అపోహ: 10 ప్లై అంటే లోపల పది పొరలు.

నూలు దారపు టైర్ల కాలం నాటి లెక్క ఇది, పేరు మాత్రం మిగిలింది. లోడ్ రేంజ్ ఈ అంటే 10 ప్లై రేటింగ్, అంటే ఆ స్థాయి బలం. విప్పి చూస్తే పొరలు చాలా తక్కువే ఉంటాయి. షాపులో ప్లై అడగొద్దు, లోడ్ రేంజ్, పౌండ్లు అడగండి.

అపోహ: ఎస్‌టీ టైరు చవక, బరువు కూడా ఎక్కువ మోస్తుంది, అదే వేసుకుందాం.

ఎస్‌టీ టైర్లు వెనక లాక్కెళ్లే ట్రైలర్ల కోసం చేసినవి. స్టీరింగ్ తిప్పే, ఇంజిన్ తోసే చక్రాలకు కాదు. ట్రావెల్ ట్రైలర్ ఉన్న స్నేహితుడు చెప్పాడని మోటర్‌హోమ్‌కు వేయకూడదు. కావలసింది ఎల్‌టీ, పెద్ద క్లాస్ ఏ (బస్సులాంటి) బండ్లకైతే 19.5 లేదా 22.5 అంగుళాల ట్రక్కు టైర్లు.

యూరప్‌లో ఫియట్ డుకాటో మీద కట్టిన క్యాంపర్లకు 225/75ఆర్16 సీపీ (క్యాంపర్ టైరు గుర్తు) టైరు వస్తుంది. సీపీ కాబట్టి మామూలు వ్యాన్ టైరు కంటే ఎక్కువ బరువు మోస్తుందనుకుంటారు. అదే సైజు వ్యాన్ టైరుకు లోడ్ ఇండెక్స్ 121, అంటే 1,450 కిలోలు. సీపీకి 118, అంటే 1,320 కిలోలు. సీపీ గొప్పతనం బరువులో కాదు, ఎక్కువ గాలికి, నెలల తరబడి నిండు బరువుతో నిలబడటానికి తగ్గట్టు కట్టడంలో ఉంది.

అపోహ: పాత సైజే వేయించాం, బరువు సంగతి కంపెనీ చూసుకుని ఉంటుంది.

ఎక్కువ బండ్లు దెబ్బతినేది ఇక్కడే. 80 పీఎస్‌ఐ (గాలి పీడనం కొలత) దగ్గర ఎల్‌టీ 225/75ఆర్16ఈ టైరు ఒంటరిగా 2,680 పౌండ్లు మోస్తుంది. జంటలో ఉన్నప్పుడు ఒక్కోటీ 2,470 మాత్రమే. వెనక నాలుగూ కలిసి 9,880. 14,500 పౌండ్ల జీవీడబ్ల్యూఆర్ (బండి మొత్తం బరువు పరిమితి) ఉన్న ఈ-450కి వెనక యాక్సిల్ పరిమితి మామూలుగా 9,600 (మీ డోరు స్టిక్కరు చూసుకోండి). మిగిలింది 280 పౌండ్లు. రెండు వైపులకూ పంచితే చెరో 140.

బరువు రెండు పక్కలా సమానంగా ఉండదు. స్లైడ్‌అవుట్ (బయటికి జరిగే గది భాగం), ఫ్రిజ్, జనరేటర్, నీళ్ల ట్యాంకు ఏ వైపు ఉంటే ఆ వైపు మొగ్గుతుంది. వెనక మొత్తం 9,400 వచ్చిందనుకోండి, పరిమితిలోనే ఉన్నాం అనిపిస్తుంది. అందులో ఎడమ 5,050, కుడి 4,350 అయితే ఎడమ జంట మోయగల 4,940 దాటి 110 పౌండ్లు ఎక్కువైనట్టే. కొత్త టైర్లు కూడా ఆ ఎడమ వైపే ముందు పోతాయి, నింద మాత్రం బ్రాండు మీద పడుతుంది.

అందుకే టైర్లు కొనకముందు తూకం వేయించాలి. హైవే ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ (బండ్లను తూచే కాటా) ఉంటుంది. ముందు యాక్సిల్ ఒక పలక మీద, వెనక యాక్సిల్ ఇంకో పలక మీద నిలిపితే విడివిడిగా బరువులు రాసిన చీటీ ఇస్తారు. ఆ తర్వాత ఒక వైపు చక్రాలే పలక మీద ఉండేలా నిలిపి మళ్లీ తూస్తే పక్కల లెక్క తేలుతుంది. అన్ని స్కేళ్ల దగ్గరా అందుకు చోటుండదు, ముందే అడగండి. ఖాళీ బండిని తూయించడం దండగ. మంచినీళ్ల ట్యాంకు నింపి (గ్యాలన్‌కు 8.3 పౌండ్లు, 40 గ్యాలన్లయితే 330 పైనే), పెట్రోలు, ప్రొపేన్, మనుషులు, సోనా మసూరి బస్తా, గ్రైండర్ అన్నీ ఎక్కించాక తూయించాలి. వెనక బంపర్‌కు సైకిళ్ల స్టాండు ఉంటే అదీ. యాక్సిల్‌కు వెనకాల వేలాడే బరువు ముందు చక్రాల మీది భారాన్ని తగ్గించి, దాన్ని కూడా వెనక చక్రాల మీదే వేస్తుంది.

అపోహ: టైరు మీద 80 అని ఉంది కాబట్టి ఆరింటికీ 80 కొట్టాలి.

ఆ అంకె అర్థం, పూర్తి 2,680 పౌండ్లు మోయాలంటే అంత గాలి కావాలని. వెనక జంటలకు దాదాపు ఎప్పుడూ 80 కావాల్సిందే, ఎందుకంటే 75 దగ్గర ఒక్కో టైరు మోసేది 2,330 మాత్రమే. ముందు సంగతి వేరు. తూకంలో ముందు ఎడమ 2,150, కుడి 2,050 వచ్చిందనుకోండి. లోడ్ పట్టికలో (ఏ గాలికి టైరు ఎంత మోస్తుందో చెప్పేది) 60 పీఎస్‌ఐకి 2,190, 65కి 2,335 ఉంటుంది. బరువైన వైపును చూసి, ఒక మెట్టు ఎక్కువ వేసి, రెండు వైపులా 65 పెట్టాలి. ఒకే యాక్సిల్ మీద చెరో గాలి పెట్టకూడదు. డోరు స్టిక్కరులో ముందుకు అంతకంటే ఎక్కువ రాసి ఉంటే స్టిక్కరుదే పైచేయి. తూకం వేయించని బండికి ఈ లెక్కలేవీ చెల్లవు, స్టిక్కరు ప్రకారం పోండి.

గాలి చల్లటి టైరులోనే చూడాలి, బండి ఆగి కనీసం మూడు గంటలు కావాలి. దారిలో వేడెక్కి 90 దాటితే భయపడి గాలి తీసేయొద్దు, అది మామూలే. పది ఫారన్‌హీట్ డిగ్రీలకు సుమారు రెండు శాతం మారుతుంది. 90 డిగ్రీల ఎండలో డల్లాస్‌లో 80 నింపుకుని, మిషిగన్‌లో 40 డిగ్రీల పొద్దుటిపూట చూస్తే 71 చూపిస్తుంది. నైట్రోజన్ నింపినా ఈ తేడా వస్తుంది. గాలిలో 78 శాతం అదే కదా, దానికి విడిగా డబ్బు పెట్టనక్కర్లేదు.

అపోహ: వెనక టైర్లను కర్రతో కొట్టి చూస్తే చాలు.

కర్ర దెబ్బకు తెలిసేది పూర్తిగా గాలిపోయిందా లేదా అన్నది మాత్రమే. 80కీ 55కీ తేడా చెవికి అందదు. ఉండాల్సిన దానికంటే 20 శాతం తగ్గితే, అంటే 64కు దిగి తిరిగితే, ఆ టైరును ఫ్లాట్ కిందే లెక్కేసి, ఊడదీయించి లోపల చూపించాలి. జంటలో ఒకటి మెత్తబడితే సీట్లో కూర్చున్నవాళ్లకు ఏమీ తెలియదు. పక్కది రెండింటి బరువూ మోస్తూ వేడెక్కి పగులుతుంది. ఆరింటికీ సెన్సర్లు పెట్టే టీపీఎంఎస్ (టైర్లలో గాలి ఎంతుందో చూపే పరికరం) ఖర్చు ఒక్క టైరు పేలుడు ఖర్చుతో పోలిస్తే చిన్నది.

అపోహ: కాస్త వెడల్పు టైరు వేస్తే బండి నిలకడగా ఉంటుంది.

ముందు చక్రాలకు ఏమో గానీ, వెనక జంటకు ఇది ప్రమాదం. రిమ్ముల మధ్య దూరం 225కు లెక్కగట్టి పెట్టింది. 235, 245 వేస్తే బరువు పడ్డప్పుడు రెండు సైడ్‌వాల్‌లూ కింద ఒరుసుకుంటాయి, గాలి ఆడదు, వేడి దిగదు. జంటలో ఒకటే మార్చాల్సి వస్తే రెండింటి వ్యాసంలో తేడా పావు అంగుళం దాటకూడదు. దాటితే పెద్దదే బరువంతా మోస్తుంది. జంటగానే మార్చడం తేలిక.

అపోహ: ట్రక్కు టైరుకు ఏ వేగమైనా లెక్క కాదు.

క్లాస్ ఏ బండ్లకు వచ్చే చాలా 19.5, 22.5 టైర్ల మీద స్పీడ్ గుర్తు ఎల్, అంటే గంటకు 75 మైళ్లు. పశ్చిమ టెక్సస్ ఐ-10 మీద బోర్డు 80 చూపిస్తుంది. బోర్డు ఇచ్చిన అనుమతి టైరుకు వర్తించదు. 2022 జూన్‌లో గుడ్‌ఇయర్ 275/70ఆర్22.5 సైజు జీ159 టైర్లను, సుమారు 1.73 లక్షలు, వెనక్కి పిలిచింది. అవి 1996-2003 మధ్య తయారైనవి, క్లాస్ ఏ మోటర్‌హోమ్‌లకు కూడా ఎక్కినవి. ఆ కాలపు బండి కొంటుంటే స్పేర్‌తో సహా వెతికి చూడండి.

అపోహ: టైర్లు మార్చాం, వాల్వులు పాతవే చాలు.

కార్లకు వాడే మామూలు రబ్బరు వాల్వు టీఆర్413 గరిష్ఠంగా 65 పీఎస్‌ఐకే. 80 వేసే చక్రానికి హై ప్రెషర్ వాల్వు గానీ, లోహపు వాల్వు గానీ కావాలి. రబ్బరు వాల్వు చివర బరువైన సెన్సర్ బిగిస్తే ఊగి ఊగి మొదలు దగ్గర చీలుతుంది. లోపలి టైరుకు అల్లిక గొట్టం లాంటి ఎక్స్‌టెన్షన్ వేస్తే కారే చోటు ఒకటి పెరిగినట్టే. పొడవాటి లోహపు వాల్వు ఒకేసారి వేయించుకోండి.

అపోహ: లెవెల్ కోసం జంటలో ఒక టైరు కింద చెక్క పెడితే చాలు.

బయటి టైరు ఒక్కటే చెక్క ఎక్కితే ఆ పక్క బరువంతా దాని మీదే నిలబడి ఉంటుంది, ఒక్కోసారి వారాల తరబడి. చెక్క రెండు టైర్లకూ సరిపోయేంత వెడల్పు, నేలకు తగిలే భాగం మొత్తం దాని మీద ఉండేంత పొడవు ఉండాలి. నల్లగా మెరిపించే పెట్రోలియం పాలిష్‌లు పూయొద్దు, రక్షణ మైనాన్ని అవే కడిగేస్తాయి. సబ్బునీళ్లు, ఎండకు తెల్ల కవరు చాలు.

అపోహ: షాపులో గన్‌తో బిగించారు, ఇక నట్ల సంగతి చూడక్కర్లేదు.

ఇంపాక్ట్ గన్ బిగింపు అంచనా మాత్రమే. చివరి బిగింపు టార్క్ రెంచితో, మాన్యువల్‌లో రాసిన అంకెకు, నక్షత్రం వరసలో జరగాలి. రిమ్ముల మధ్య తుప్పు, పెయింటు పెచ్చులు గీకించకపోతే తిరిగాక అవి నలిగి నట్లు వదులవుతాయి. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ 100 మైళ్లకు మళ్లీ బిగించమని ఫోర్డ్ మాన్యువల్ చెబుతుంది. షాపు నుంచి సరాసరి దూరప్రయాణానికి బయల్దేరుతుంటే టార్క్ రెంచి బండిలోనే ఉండాలి.