అరటిపండు ముక్క నూనె ఎప్పుడు తాగుతుంది?

అమెరికాలో సెయింట్ పాల్ నగరంలో ఉంటున్న ఒక పాఠకురాలు ఒక ప్రశ్న పంపారు. అక్కడి హ్మాంగ్ మార్కెట్లో కారం, అల్లం తగిలేలా చేసిన అరటిపండు బజ్జీ తిన్నారట. పైన కరకర, లోపల హల్వాలా మెత్తన, వేళ్లకు జిడ్డు లేదు. ఇంట్లో మన బజ్జీల పిండిలోనే ముంచి వేయిస్తే పండు నీరుకారిపోయింది, ముక్క నొక్కితే నూనె కారింది. "తేడా ఎక్కడుందండీ?" అని అడిగారు. వారం రోజులుగా మా వంటింట్లో నాకు ఇదే పని.

హ్మాంగ్‌లు దక్షిణ చైనా, వియత్నాం, లావోస్, థాయ్‌లాండ్ కొండల్లో ఉండే జనం. 1975 తర్వాత లావోస్ నుంచి శరణార్థులుగా అమెరికా చేరినవాళ్లలో చాలామంది కాలిఫోర్నియా, మిన్నెసోటా, విస్కాన్సిన్‌లలో స్థిరపడ్డారు. మిరపకాయలు, కొత్తిమీర కలిపి దంచే వాళ్ల కారం మన రోటిపచ్చడికి దగ్గరి చుట్టం. అరటిపండు బజ్జీ మాత్రం వాళ్లకొక్కళ్లకే చెందిన వంట కాదు, ఆ ప్రాంతమంతటా దొరికే చిరుతిండి. థాయ్‌లాండ్‌లో దాని పేరు 'క్లువై ఖేక్'. క్లువై అంటే అరటి. ఖేక్ అంటే అతిథి. భారతదేశం వైపు నుంచి వచ్చినవాళ్లనూ ఆ మాటతోనే పిలుస్తారు. పేరు మనవైపు చూస్తున్నా పిండి వేరు: బియ్యప్పిండి, కొబ్బరి, నువ్వులు, సున్నపు తేట.

అసలు సంగతి నూనెలో ఉంది. వేయించడమంటే నూనెలో ఉడికించడం అనుకుంటాం. కాదు, నూనెలో ఎండబెట్టడం. బాణలిలో నూనె 175 డిగ్రీల దగ్గర ఉంటుంది. అరటిపండులో ముప్పాతిక భాగం నీరే. ముక్క వేయగానే పైపొరలోని నీరు ఆవిరై, సుమారు 1,700 రెట్లు ఉబ్బి, దొరికిన ప్రతి సందులోంచీ బయటికి తోసుకొస్తుంది. మనకు కనిపించే బుడగలు అవే.

మ్యాట్నీ వదిలినప్పటి సినిమా హాలు గేటును గుర్తు చేసుకోండి. లోపలి జనం ఒక్కసారిగా బయటికి వస్తుంటారు. ఫస్ట్ షో టికెట్లు పట్టుకున్నవాళ్లు గేటు దగ్గరే ఉంటారు కానీ లోపలికి అడుగు పెట్టలేరు. బయటికి వచ్చేవాళ్లు ఆవిరి, లోపలికి పోవాలనుకునేవాళ్లు నూనె. బుడగలు జోరుగా వస్తున్నంతసేపు నూనె ముక్కను తాకుతుంది గానీ లోపలికి పెద్దగా పోలేదు. నూనె సరిగా కాగలేదనుకోండి, అది పావు హాలే నిండిన సినిమా. నలుగురు బయటికి వస్తుంటే పక్కనుంచి పదిమంది దూరిపోతారు. ఎక్కువసేపు వేయించారా, హాలు ఖాళీ అయిపోయి గేటు బార్లా తెరిచి ఉంటుంది.

నాకు అన్నిటికన్నా నచ్చే ఘట్టం ముక్కను పైకి తీశాక జరిగేది. వేగుతున్నంతసేపు లోపలికి పోని నూనెలో ఎక్కువ భాగం తీశాకే చొరబడుతుంది. ముక్క చల్లబడుతుంటే సందుల్లో మిగిలిన ఆవిరి తిరిగి నీరవుతుంది. 1,700 రెట్లు ఉబ్బినది మళ్లీ కుంచించుకుపోతుంది. అక్కడ ఒత్తిడి తగ్గి, పైన అంటుకున్న నూనెను లోపలికి లాగేస్తుంది. అంటే గేటు దగ్గర మిగిలిన జనాన్ని ఆ అర నిమిషంలోనే పంపించెయ్యాలి. చిల్లుల గరిటెతో తీసి, బాణలి మీదే గట్టిగా దులిపి, వేడి తగ్గకముందే కాగితం మీద పరచాలి. పళ్లెంలో కుప్ప పోస్తే అప్పటిదాకా పడ్డ శ్రమంతా నూనెపాలే.

పిండివంట నూనె తాగితే దిష్టి తగిలిందనే మాట మన ఇళ్లలో ఉంది. చుట్టాలు వచ్చిన రోజే అలా జరగడానికి వేరే కారణం ఉంది. ఆ రోజు ముక్కలు ఎక్కువ వేస్తాం. ముక్కల్లోని 20 గ్రాముల నీరు ఆవిరి కావాలంటే 45 కిలోజౌళ్ల వేడి కావాలి. కిలో నూనె ఒక డిగ్రీ చల్లబడితే వచ్చేది సుమారు 2 కిలోజౌళ్లే. పొయ్యి నుంచి వేడి అందకపోతే ఆ కిలో నూనె 20 డిగ్రీలకు పైగా పడిపోతుంది. గుప్తోష్ణం (రూపం మారడానికి నీరు లాక్కునే వేడి) పాఠం పిల్లలకు ఐసుముక్క, బీకరు బొమ్మలతో చెబుతాం. బజ్జీల బాణలి ముందు నిలబెట్టి చెబితే జన్మలో మరిచిపోరు.

ఇక సున్నపు తేట. తాంబూలంలో వేసుకునే సున్నాన్ని నీళ్లలో కలిపి, అడుగుకు దిగాక పైన తేరిన నీళ్లు వంచుకుంటారు. లీటరు నీళ్లలో సుమారు గ్రామున్నర సున్నమే కరుగుతుంది, అయినా ఆ నీళ్ల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాలను తెలిపే అంకె) 12 దాటుతుంది, అంటే గట్టి క్షారం. అందులోని కాల్షియం పండులో కణాలను అతికి ఉంచే పెక్టిన్ పోగులను ఒకదానికొకటి ముడివేసి ముక్క చితికిపోకుండా పట్టి ఉంచుతుంది. క్షారగుణం పిండిలోని అమైనో ఆమ్లాలకూ చక్కెరలకూ మధ్య జరిగే మెయిలార్డ్ చర్యను వేగిరం చేస్తుంది కాబట్టి పైపొర త్వరగా ఎర్రబడుతుంది. థాయ్‌లాండ్‌లో దీనికి వాడే సున్నం ఎర్రగా ఉంటుంది, పసుపు కలుపుతారు కనుక. మనం దిష్టి తీసే ఎర్రనీళ్ల రంగూ అదే, పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలి ఎర్రబడడం. గోడలకు వేసే సున్నం మాత్రం వద్దు, తినే సున్నమే కావాలి.

బియ్యప్పిండిలో గ్లూటెన్ (పిండికి సాగే గుణం ఇచ్చే ప్రోటీన్) లేదు. మైదాలా సాగదు, నూనె తక్కువ పీలుస్తుంది. పండు మరీ మగ్గకూడదు. పచ్చికాయలో పిండి పదార్థం 20 శాతానికి పైగా ఉంటుంది. బాగా మగ్గేసరికి అది ఒకటి రెండు శాతానికి పడిపోయి మిగిలిందంతా చక్కెరవుతుంది, ముక్కకు పట్టు పోతుంది. తొక్క పసుపురంగుకు తిరిగి, కొసలు ఇంకా పచ్చగా ఉన్నప్పుడు వేయించండి. అరటికి బదులు అనాస వేయిస్తే, దానికి తడి ఎక్కువ, ముక్కలు తుడిచి పొడి పిండి అద్దాకే ముంచాలి.

మసాలాల్లో మిరపకారాన్ని పిండిలోనే కలపొచ్చు, దాని ఘాటుకు మూలమైన క్యాప్సైసిన్ ఆవిరితో పాటు లేచిపోదు. అల్లం కూడా అంతే, వేడికి దాని ఘాటు కొంత తగ్గి తియ్యటి వాసన వస్తుంది. నిమ్మగడ్డి వాసన కూడా కావాలనుకుంటే దాని సంగతి వేరు. దాని సువాసనకు మూలమైన సిట్రాల్ ఆవిరితో కలిసి ఎగిరిపోతుంది. నిమ్మగడ్డి నూనె తీసేది కూడా ఆవిరి పట్టించే కదా! వేగుతున్నప్పుడు ఇల్లంతా ఘుమఘుమలాడిందంటే ఆ వాసన ముక్కను వదిలి వెళ్లిపోయిందన్నమాట. మ్యాట్నీ జనంతో పాటు గేటు దాటేసింది. అందుకే నిమ్మగడ్డి లేత మొదలు భాగాన్ని ఉప్పు, కొంచెం కారంతో మెత్తగా దంచి పక్కన పెట్టుకోండి. ముక్కలు తీసి, దులిపి, నూనె కాగితానికి అంటాక, ఇంకా వేడిగా ఉండగానే పైన చల్లండి.